అంసబాహుగత వేదన – యాప్యశబ్దార్థ విచారము

వాతవ్యాధి ప్రకరణమును పాఠము చెప్పునపుడు పక్షాఘాతము, అర్దితము, గృధ్రసి అనువానిపై నిలిచినంతసేపు అవబాహుక విశ్వాచులపై నిలుచుట అరుదు. మూలమున అవి ఒకటి రెండు శ్లోకములలో ముగియుచున్నవి. వ్యాఖ్యాతలును సంక్షేపముగనే నడచిరి. లోకమునందో, ఆ వ్యాధులు అంత సంక్షేపముగా ముగియుట లేదు. మెడనుండి జబ్బకును, జబ్బనుండి వ్రేళ్ళ కొనలకును ప్రాకు నొప్పి నెలల తరబడి, కొందఱికి ఏండ్ల తరబడి నిలుచుచున్నది. రెక్కాడినగాని డొక్కాడని కూలికిని, నల్లబల్లపై చేయెత్తి వ్రాయవలసిన ఉపాధ్యాయునకును అది జీవికకే ముప్పు తెచ్చు వ్యాధి. ఇట్టి దీర్ఘవేదన విషయమున సంహితలు చెప్పినదేమి, ఆధునిక వైద్యము చెప్పుచున్నదేమి, ఈ రెంటి నడుమ 'యాప్యము' అను పారిభాషిక పదమునకు గల విలువ యెట్టిది అనునది ఇచట విచారింపబడుచున్నది.

తెలుగునాట 'భుజము పట్టినది', 'రెక్క లాగుచున్నది', 'నరము గుంజుచున్నది' అను మాటలను జనులు ఒకదానికి బదులొకటి వాడుదురు. శాస్త్రమున వీనికి విభాగము కలదు. సుశ్రుతుడు నిదానస్థానము మొదటి అధ్యాయమున రెండు వ్యాధులను వేఱువేఱుగా చెప్పెను. బాహువు వెనుకభాగమునుండి వ్రేళ్ళవఱకు సాగు కండరను వాతము దూషించి బాహువు పనిని చెఱచినచో అది విశ్వాచి. అంసదేశమున నిలిచిన వాతము అచటి బంధనమును శోషింపజేసి, సిరలను ముడిచినచో అది అవబాహుకము. మాధవనిదానమునకు విజయరక్షితుడు రచించిన మధుకోశ వ్యాఖ్య ఈ రెండవ లక్షణమునే మరల రెండుగా విడదీసి, బంధనము శోషించుట అంసశోషమనియు, సిరలు ముడుచుకొనుట అవబాహుకమనియు వివరించినది. ఈ విధమున మూడు వ్యాధులేర్పడినవి. ఒకటి ప్రాకునది, ఒకటి బిగిసినది, ఒకటి కృశించునది. రోగి చేయి చూపి నొప్పి అనినంతనే మూటికిని ఒకే తైలమును వ్రాయు వైద్యుడు ఈ విభాగమును చదువనివాడో, చదివియు మఱచినవాడో కావలెను.

విశ్వాచీ శబ్దము కావ్యపాఠకులకు అప్సరస పేరుగా పరిచితము. యయాతి కథలో ఆమె ప్రసక్తి కలదు. అంతటను వ్యాపించునది అను యోగార్థము రెండుచోట్లను పొసగును. అవబాహుకమునకు అపబాహుకమను పాఠాంతరము కలదు. అవ, అప ఉపసర్గలలో ఏది గ్రహించినను బాహువు తన స్థితినుండి దిగజాఱుట యను భావము చెడదు గనుక పాఠనిర్ణయమునకై ఇచట శ్రమింప బనిలేదు.

శ్రమింపదగిన చోటు వేఱొకటి కలదు. అది సిరావ్యధ విషయము. సుశ్రుతుడు చికిత్సాస్థానము ఐదవ అధ్యాయమున గృధ్రసి, విశ్వాచి మొదలగు వాతరోగములకు సిరావ్యధమును విధించుచు అవబాహుకమును మాత్రము స్పష్టముగా మినహాయించెను. శారీరస్థానము ఎనిమిదవ అధ్యాయముననో, బాహుశోష అవబాహుకములందు అంసముల నడుమ సిరను వేధింపవలెనని కొందఱు చెప్పుదురని యున్నది. ఒకే తంత్రమున విధియు నిషేధమును కనబడుచున్నవి. ఉత్తరతంత్రము అఱువదియైదవ అధ్యాయమున చెప్పబడిన 32 తంత్రయుక్తులలో అనుమతము ఒకటి. పరుల మతమును చెప్పి నిషేధింపనిచో అది తంత్రకర్తకు సమ్మతమే యని దాని తాత్పర్యము. దీనిని బట్టి శారీరస్థాన వాక్యమును సుశ్రుతసమ్మతముగా గ్రహించువారు లేకపోలేదు. కాని నిషేధము ఆ వాక్యము ప్రక్కనే యుండవలెనను నియమము లేదు. చికిత్సాస్థానమున మినహాయింపు కంఠోక్తముగా నుండగా ఏకీయమతము అనుమతము కాజాలదు. యుక్తియు దీనికే అనుకూలము. శోషించుచున్న అవయవమునుండి రక్తమును తీసినచో ధాతుక్షయము పెరుగును. క్షయము వాతమును పెంచును. కావున కృశించుచున్న బాహువునందు రక్తమోక్షము చేయరాదనుటయే గ్రంథసమ్మతమగు పక్షము. ఇది శుష్కమైన పాఠచర్చ కాదు. ఈ వాక్యముల అన్వయమున పొరపడినవాని చేతిలో నష్టపోవునది రోగి.

మర్మప్రకరణమున ఈ ప్రదేశమును గూర్చి మఱింత సూక్ష్మదృష్టి కనబడును. మెడకును బాహుశిరస్సునకును నడుమనున్న అంసమర్మకు దెబ్బ తగిలినచో బాహువు స్తంభించును. వీపుపై వెన్నెముకకు ఇరుప్రక్కల గల అంసఫలకమునకు తగిలినచో బాహువు తిమ్మిరెక్కి కృశించును. వక్షమునకును కక్షమునకును నడుమ కక్షధరమర్మ కలదు. దానికి దెబ్బ తగిలిన పక్షాఘాతము. ఆధునిక శారీరమున బాహువునకు పోవు నాడులన్నియు ఒక జాలముగా అల్లుకొనిన ప్రదేశమును బ్రేకియల్ ప్లెక్సస్ అందురు. మెడలోని 5, 6, 7, 8 నాడీమూలములును వక్షమున మొదటి మూలమును అందు చేరును. ఆ జాలము మెడ ప్రక్కనుండి బయలుదేరి, జత్రువు క్రిందుగా కక్షమును చేరును. కక్షధర ప్రదేశము ఆ త్రోవలోనిదే. అంతమాత్రమున ప్రాచీనులు నాడీజాలమును ఎఱిగియుండిరని వాదించుట సాహసము. కండర యనగా స్థూలమైన స్నాయువే. శారీరస్థానమున వానిని పదునాఱుగా లెక్కించిరి. కండరకు 'నరము' అని తెలుగుసేసి, నరమనగా నేటి నర్వు అని చెప్పుట రెండు మెట్లను ఒక్కసారి దాటుట. తెలుగున నరమను మాట రక్తమును మోయు దానికిని, వేదనను మోయు దానికిని సమానముగా వాడబడుచున్నదని మఱువరాదు. ప్రాచీనులు చూచినది నొప్పి నడచిన త్రోవ. రోగి తన వ్రేలితో చూపిన త్రోవను వారు యథాతథముగా వ్రాసిరి. వారి గౌరవమునకు అది చాలును.

ఆ త్రోవయే నేటి వైద్యునకును మొదటి ఆధారము. మెడయెముకల నడుమనున్న బిళ్ళ జాఱియో, వయసుచే యెముక పెరిగియో నాడీమూలము నొక్కబడినపుడు నొప్పి ఆయా వ్రేలికి పోవును. ఆఱవ మూలమైనచో బొటనవ్రేలి వైపు, ఏడవదైనచో నడిమివ్రేలికి, ఎనిమిదవదైనచో చిటికెనవ్రేలి వైపు పోవుట సామాన్యము. ఇది విశ్వాచికి దగ్గఱ. భుజసంధిని చుట్టియున్న పొర బిగిసి చేయి పైకి లేవకుండుటను 1934లో కాడ్మన్ అను వైద్యుడు ఫ్రోజన్ షోల్డర్ అని పేర్కొనెను. ఇది అవబాహుకమునకు దగ్గఱ, ఇందు నాడి దోషము లేదు. 1948లో పార్సనేజ్, టర్నర్ అను నిరువురు వర్ణించిన వ్యాధిలో మొదట తీవ్రమైన నొప్పి వచ్చును. పిమ్మట కండలు బలహీనములై కృశించును. అంసశోషమును చదివినవారికి అది పరిచితముగనే తోచును. పోలికలు పోలికలేగాని అభేదములు కావు. అయినను మూడు చోట్ల మూడు విధముల చికిత్స యనుట ఉభయశాస్త్రములకును సమానము.

నాడీవేదనకు స్వభావమొకటి కలదు. అది గాయపు నొప్పివలె ఉండదు. మంట, పోటు, తిమ్మిరి, చిమచిమ, ఉండియుండి జివ్వున పాఱు మెఱుపు. కొందఱికి ఉత్తరీయము తగిలినను ఓర్వరాదు. సుశ్రుతుడు సూత్రస్థానము ఇరువదిరెండవ అధ్యాయమున వ్రణములందలి వాతవేదనలను లెక్కించుచు తోదన, భేదన, మంథన, చుముచుమాయన, నిర్దహనములను పేర్కొనెను. మన చిమచిమకును ఆ చుముచుమాయనమునకును గల చుట్టఱికమును భాషావేత్తలు విచారింతురుగాక. నాడి తానే చెడినపుడు, క్రింద గాయము లేకున్నను అది గాయమున్నట్లే వార్త పంపుచుండును. అంతర్జాతీయ వేదనాధ్యయన సంఘము 2020లో సవరించిన వేదనా నిర్వచనమున, అవయవమునకు హాని యున్నపుడేగాక హాని యున్నట్టి అనుభవము కలిగినపుడును అది వేదనయే యని అంగీకరింపబడినది. చిత్రములలో ఏమియు కనబడలేదు గనుక నొప్పి కల్పితమని ఇంటివారు అనుట ఇందుచే త్రోసివేయబడినది.

ఇక యాప్యము. చరకుడు సూత్రస్థానము పదియవ అధ్యాయమున వ్యాధులను సాధ్యములు అసాధ్యములు అని విడదీసి, అసాధ్యములను యాప్యము, ప్రత్యాఖ్యేయము అని రెండుగా జేసెను. పథ్యముచే కొలదిపాటి సుఖమిచ్చుచు, అల్పకారణముననే మరల రేగునది యాప్యమని అతడు చేసిన వర్ణనము. నాడీవేదనను అనుభవించినవారు దీనికి ఒక్క మాటయు చేర్పనక్కఱలేదు. ఒకనాడు హాయిగా నుండును; మఱునాడు బిందె యెత్తినంతనే రాత్రియంతయు నిద్ర యుండదు. అసాధ్యమున చేర్చిరి గనుక యాప్యమనగా చేతులెత్తివేయదగినదని కొందఱు గ్రహించిరి. కోశము ఈ భ్రాంతికి కొంత తోడైనది. అమరసింహుడు యాప్యశబ్దమును నికృష్ట పర్యాయములలో చదివెను. పాణిని ఐదవ అధ్యాయమున కుత్సితార్థమగు యాప్యమునందు పాశప్ ప్రత్యయమును విధించెను. వైయాకరణపాశుడనగా వట్టి పేరునకు వైయాకరణుడు. ఆ యర్థము ఇచట పనికిరాదు. ఆ అమరకోశముననే పల్లకికి యాప్యయానమను పేరు కలదు. యా ధాతువునకు ణిచ్చును, పుగాగమమును వచ్చి, పై యత్ప్రత్యయము చేరగా నడిపింపదగినది అని అర్థము. నడచిపోజాలనివానిని పల్లకి నడిపించును. పోని వ్యాధిని చికిత్స నడిపించును. సుశ్రుతుడు కూలబోవు ఇంటికి చక్కగా నిలిపిన ఊతకంబమును దీనికి దృష్టాంతముగా నిచ్చెను. కంబము నిలిచినంతకాలము ఇల్లు నిలుచును, అందు కాపురము జరుగును. తెలుగున కాలయాపన యనగా ఊరక ప్రొద్దుపుచ్చుట యైనది. వైద్యుని యాపనము అట్టిది కాదు; అందు ప్రతిదినము చేయవలసిన పని కలదు.

ఆ పనిలో మొదటిది నిద్ర. చరకుడు ఆహార నిద్రా బ్రహ్మచర్యములను మూడు ఉపస్తంభములనెను. ఉపస్తంభమనినను ఊతకంబమే. నాడీవేదన రాత్రులయందు హెచ్చును. నిద్ర చెడినకొలది మఱునాటి వేదన పెరుగును. మెడ వంగునంత ఎత్తు తలగడ కూడదు. నొప్పి గల చేతిక్రింద మెత్తని దిండు నుంచి భుజము వ్రేలాడకుండ చూడవలెను. మెడలో నాడి నొక్కబడినవారికి అఱచేతిని నడినెత్తిన ఉంచుకొనినచో పలువురకు తక్షణమే ఉపశమనము కలుగును. నాడిపై లాగుడు తగ్గుటయే కారణము. నెత్తిన చేయి పెట్టుకొనుట అమంగళమని పెద్దలు మందలింతురు. రోగి విషయమున ఆ మందలింపును విడుచుట మంచిది. పుస్తకమును ఒడిలో నుంచుకొని మెడ వంచి గంటలకొలది చదువు అలవాటు పండితులకు సహజము. వ్యాసపీఠమును కన్నుల యెత్తునకు లేపినచో ఆ భారము తగ్గును.

నొప్పికి వెఱచి చేతిని బొత్తిగా కదల్పకుండుట మఱియొక కీడు. సంధి బిగిసి విశ్వాచికి అవబాహుకము తోడగును. మధుమేహులందు ఇది మఱింత త్వరగా జరుగును. కావున ఓర్వగలిగినంత మేర దినదినము చేతిని ఆడింపవలెను. తైలాభ్యంగము, స్వేదము సుఖకరములే. తిమ్మిరి గల చర్మము వేడిని ఎఱుగదు గనుక కాపుడము వేడిని మంచి చేతితో పరీక్షించిన పిమ్మటనే పెట్టవలెను. ఈ యొక్క జాగ్రత్త లేక చర్మము కాలినవారు కలరు. చరకుడు బాహుశిరోగత వాతమునకును, వాగ్భటుడు అవబాహుకమునకును నస్యమును, భోజనానంతర స్నేహపానమును చెప్పిరి. చక్రదత్తము దశమూల బలా మాష క్వాథమును నూనె నేతులతో కలిపి సాయంభోజనానంతరము విధించినది. ఇవి వైద్యుని యెదుట జరుగవలసినవేగాని గ్రంథము చూచి యింట చేసికొనదగినవి కావు.

ఆధునికులు సామాన్యమగు నొప్పి మాత్రలు ఇట్టి వేదనకు అంతగా పనిచేయవనియు, వృద్ధులకు కడుపును మూత్రపిండములను చెఱచుననియు చెప్పి గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ వంటివానిని వ్రాయుదురు. వీనిచే మగత, తూలుట కలుగును. డెబ్బది దాటినవారు రాత్రి లేచినపుడు పడిపోకుండ చూడవలెను. మూత్రపిండములు బలహీనమైనచో మొదటి రెంటికి మోతాదు తగ్గవలెను. మూత్రము కష్టముగా వచ్చువారికి మూడవది తగదు. తగ్గినదని వీనిని ఒక్కసారి మానరాదు. పూర్తిగా పోయినదా యని ప్రతిదినము పరీక్షించుకొనుటకంటె మునుపటికంటె పని జరుగుచున్నదా యని చూచుకొనుట యాప్యమునకు తగిన లెక్క. రోగమును పెంచువానిలో విషాదము ప్రధానమని చరకుడు సూత్రస్థానము ఇరువదియైదవ అధ్యాయమున లెక్కించుట ఊరక కాదు.

యాప్యమను మాట రోగనిశ్చయమునకు తరువాతిదేగాని ముందుది కాదు. ఎడమచేయి లాగుచు రొమ్ము బరువెక్కి చెమట పట్టినచో అది విశ్వాచి కాదు, హృద్రోగము కావచ్చును; తైలము వెదకక ఆసుపత్రికి పోవలెను. చేతిపట్టు జాఱి వస్తువులు పడిపోవుచున్నను, నడక తడబడినను, మూత్రము వశము తప్పినను వెన్నుపాము నొక్కబడుచున్నదని శంకింపవలెను. అచట శస్త్రచికిత్సకు కాలము మించిపోరాదు. నొప్పి తోచిన కొలది దినములకు అదే త్రోవన నీటిపొక్కులు వరుసగా లేచినచో అది సర్పి. పల్లెలలో దానికి జాజు పూసి మంత్రింతురు. పొక్కులు లేచిన మూడు దినములలోపల వైరసును అణచు మందు మొదలిడినచో వ్యాధి త్వరగా తగ్గును. వృద్ధులకు ఆ పొక్కులు మానిన పిమ్మటను నెలలకొలది నాడీవేదన మిగులుట కలదు గనుక మంత్రించువానికొఱకు ఎదురుచూచి ఆ మూడు దినములను పోగొట్టరాదు.