గర్భస్థ దశలో ఒత్తిడి, కుంగుబాటు మందులు: శిశువుపై ప్రభావాలు

హైటెక్ సిటీలో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో రాత్రి షిఫ్టులు, డెడ్‌లైన్లు ఎందరో మహిళల దైనందిన జీవితంలో భాగమయ్యాయి. అక్కడి ఉద్యోగిని ఒకరు కుంగుబాటుకు సెర్ట్రలిన్ వాడుతున్నారనుకోండి. గర్భం నిర్ధారణ కాగానే, బిడ్డకు హాని కలుగుతుందన్న భయంతో తనంతట తానే మందు మానేశారు. ఈ నిర్ణయం సరైనదేనా? ఈ భాగం చదివాక మీరే పరిశీలించి చెప్పగలుగుతారు.

1. ఒత్తిడి శిశువును ఎలా చేరుతుంది?

ఒత్తిడికి లోనైనప్పుడు తల్లి అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను స్రవిస్తాయి. మాయలోని ఒక ఎంజైమ్ అందులో అధిక భాగాన్ని నిష్క్రియమైన కార్టిసోన్‌గా మార్చి శిశువును కాపాడుతుంది. ఒత్తిడి దీర్ఘకాలం కొనసాగితే ఈ రక్షణ బలహీనపడవచ్చు. 1998 జనవరిలో కెనడాలోని క్విబెక్‌లో మంచు తుఫాను వల్ల లక్షలాది మంది కరెంటు లేక అవస్థపడ్డారు. అప్పటి గర్భిణుల పిల్లలను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. తల్లులు ఎక్కువ కష్టాలు పడిన పిల్లల్లో భాషాభివృద్ధి కొంత తక్కువగా కనిపించింది. తుఫాను మనుషులను ఎంచుకుని రాదు కాబట్టి ఈ ఆధారానికి విలువ ఎక్కువ.

2. మందు ఏం చేస్తుంది?

సెర్ట్రలిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు మాయను దాటుతాయి. ఇవి సెరటోనిన్‌పై పనిచేస్తాయి. ఎదుగుతున్న మెదడులో నాడీకణాల అమరికకు సెరటోనిన్ ఒక సంకేతం. 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, పుట్టిన తొలి వారాల్లో ఫ్లూఆక్సెటిన్ ఇచ్చిన ఎలుకలు పెద్దయ్యాక ఆందోళన లక్షణాలు చూపాయి. అయితే ఎలుకల ఫలితాన్ని మనుషులకు నేరుగా అన్వయించలేం. మానవ శిశువుల్లో కొందరికి పుట్టగానే వణుకు, చిరాకు, శ్వాసలో ఇబ్బంది కనిపిస్తాయి. ఇవి సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి.

3. రెండింటినీ వేరుచేయడం ఎలా?

మందు వాడే తల్లికి వ్యాధి కూడా ఉంటుంది. కాబట్టి పిల్లల్లో కనిపించే తేడా మందు వల్లనా, వ్యాధి వల్లనా, వంశపారంపర్యమా అన్నది తేల్చాలి. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పరిశోధకులు స్వీడన్‌లోని ఒకే తల్లి పిల్లలను పోల్చారు. గర్భం తొలి మూడు నెలల్లో మందు వాడకానికీ ఆటిజానికీ మధ్య మొదట కనిపించిన సంబంధం ఈ పోలికలో నిలవలేదు. నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదం మాత్రం స్వల్పంగా ఎక్కువగానే మిగిలింది.

4. ముగింపు

మందు మానడమంటే ప్రమాదం లేకపోవడం కాదు. కుంగుబాటు తిరగబెడితే అదీ శిశువుపై ప్రభావమే. అందుకే మందు కొనసాగించాలా, మోతాదు మార్చాలా అన్నది మానసిక వైద్యులు, ప్రసూతి వైద్యులతో చర్చించి నిర్ణయించాలి. టెలీ మానస్ 14416 నంబరులో ఉచిత సలహా లభిస్తుంది. ఒత్తిడి తగ్గించడం ఆ తల్లి ఒక్కరి బాధ్యతే కాదు. 2017 చట్ట సవరణ 26 వారాల ప్రసూతి సెలవును, 50 లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రాన్ని తప్పనిసరి చేసింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒకే తల్లి పిల్లలను పోల్చడం వల్ల ఏయే కారకాలను వేరుచేయగలం?