సిట్టింగు సీటు, బి ఫారం

ఎన్నికల ఋతువు వచ్చిందంటే మా పక్క టీ అంగళ్లలో మొదట వినబడే ప్రశ్న "యెవరు గెలుస్తారు?" అని కాదు, "సీటు యెవరికంట?" అని. గెలిచి కూచున్న శాసనసభ్యుడు ఒకడుండగా ఈ ప్రశ్న ఎందుకు పుడుతుంది, దాని వెనక యంత్రం ఎట్లా తిరుగుతుంది అన్నది నాకు తెలిసినంతలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. రసాయనశాస్త్రం చదివేవాడికి ఈ గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. నవ్వనీండి.

ముందు చట్టం సంగతి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రునికైతే పదిమంది కావాలి. కానీ పార్టీ గుర్తు దక్కాలంటే 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ప్రకారం బి ఫారం అనే కాగితం, నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటలలోగా రిటర్నింగ్ అధికారికి చేరాలి. దాని మీద సంతకం పెట్టే అధికారం ఎవరిదో ఎ ఫారం చెబుతుంది. ఆ బి ఫారంలో ఎవరి పేరు రాయాలో పార్టీ ఏ పద్ధతిలో తేల్చుకోవాలన్నది మాత్రం చట్టం చెప్పదు. మండలంలో పదేళ్లు జెండా మోసిన కార్యకర్తకు అందులో ఓటు లేదు.

ఈ ఖాళీలో ఏం జరుగుతుందో చూడాలంటే మన పూతలపట్టును మించిన ఉదాహరణ లేదు. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున సునీల్ కుమార్ గెలిచారు. 2019లో ఆయనను పక్కన పెట్టి ఎం.ఎస్. బాబుకు ఇచ్చారు, ఆయనా గెలిచారు. 2024లో బాబును పక్కన పెట్టి మళ్లీ ఆ సునీల్ కుమార్‌నే తెచ్చారు. ఈసారి తెలుగుదేశం అభ్యర్థి కలికిరి మురళీమోహన్ గెలిచారు. ఐదేళ్ల కిందట పనికిరాడన్న మనిషి ఐదేళ్లు పదవి లేకుండా ఉండి ఎట్లా పనికొచ్చాడో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

2024 జనవరి 11న వెలువడిన ఇన్‌చార్జీల జాబితాలో పూతలపట్టుతో పాటు చిత్తూరు, సత్యవేడు కూడా ఉన్నాయి. చిత్తూరు శాసనసభ్యుడు ఆరణి శ్రీనివాసులు స్థానంలో విజయానందరెడ్డి వచ్చారు. సత్యవేడు శాసనసభ్యుడు కోనేటి ఆదిమూలాన్ని తిరుపతి లోక్‌సభకు పంపి, అక్కడి ఎంపీ గురుమూర్తిని సత్యవేడుకు తెచ్చారు. నెల తిరగకముందే గురుమూర్తి మళ్లీ తిరుపతికే వచ్చారు, సత్యవేడు నూకతోటి రాజేష్‌కు పోయింది. ఆదిమూలం తెలుగుదేశంలో చేరి అదే సత్యవేడులో గెలిచారు. శ్రీనివాసులు జనసేనలో చేరి, తన ఊరికి డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్న తిరుపతిలో నిలబడి 60 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఇక్కడ పనికిరాదన్న సరుకు పక్కూరి సంతలో మంచి ధరకు పోయినట్టయింది!

ఇది ఒక్క పార్టీ పని కాదు. 2019లో తెలుగుదేశం కూడా సత్యవేడు సిట్టింగు తలారి ఆదిత్యను తప్పించింది, చిత్తూరు సిట్టింగు సత్యప్రభను రాజంపేట లోక్‌సభకు పంపింది. 2019లో తిరుపతిలో 708 ఓట్లతో ఓడిపోయిన సుగుణమ్మకు, 2024లో పొత్తు కారణంగా ఆ సీటే లేకుండా పోయింది.

పార్టీలు చెప్పే కారణం సర్వే. ప్రజల్లో వ్యతిరేకత ఉంది, మనిషిని మారిస్తే అది పోతుంది అని లెక్క. కానీ 2019 తర్వాత పథకాల డబ్బు నేరుగా ఖాతాల్లో పడేది, ఇంటికొచ్చే పని వాలంటీరు చేసేవాడు. శాసనసభ్యుడి చేతిలో మిగిలినదెంత? చేయడానికి పని లేనివాడిని పని చేయలేదని తీసేయడం న్యాయమా అనిపిస్తుంది. పైగా పూతలపట్టు, సత్యవేడు రెండూ ఎస్సీ రిజర్వుడు స్థానాలు. ఎస్సీ శాసనసభ్యులనే మారుస్తున్నారని బాబు బహిరంగంగానే విమర్శించారు. అగ్రవర్ణ నాయకుల స్థానాల్లో కూడా మార్పు వచ్చింది గాని దాని తీరు వేరు: తిరుపతిలో భూమన కరుణాకరరెడ్డి స్థానంలో ఆయన కుమారుడు, చంద్రగిరిలో చెవిరెడ్డి భాస్కరరెడ్డి స్థానంలో ఆయన కుమారుడు వచ్చారు. సీటు మారింది, ఇల్లు మారలేదు.

అమెరికాలో ఈ పని ఓటర్లే చేస్తారు. ప్రైమరీ అంటారు. 2014లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్ నాయకుడైన ఎరిక్ కాంటర్, డేవిడ్ బ్రాట్ అనే అర్థశాస్త్ర అధ్యాపకుని చేతిలో సొంత పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయాడు. (మన లెక్చరర్లు గమనించగలరు.) అక్కడా లోపాలున్నాయి, ప్రైమరీకి వచ్చి ఓటేసేవారు కొద్దిమందే. అయినా ఓడిపోయినవాడికి ఎన్ని ఓట్లతో ఓడిపోయాడో తెలుస్తుంది. మన సిట్టింగుకు సర్వే కాగితం కూడా చూపించరు.

దీనివల్ల నష్టం నాయకులకేనా? 2024లో ఇట్లా మారిన నియోజకవర్గాల్లో ఒకదానిలోనే మా ఊరుంది, పేరెందుకులే. జనవరిలో కొత్త ఇన్‌చార్జి వచ్చినారు, పాత శాసనసభ్యుని పదవి జూన్ దాకా ఉంది. ఆ ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మామిడికి నీళ్లు లేవు. అర్జీ యెవరికియ్యాల? ఒకరికిస్తే రెండోవారి మనుషులకు కోపం. మా నాయన రెండు కాపీలు రాయించి, పగలు ఒకరికి, పొద్దుగూకినాక ఒకరికి ఇచ్చి వచ్చినాడు. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేసరికి కాయ సగం రాలిపోయింది.