ముడుమాల నిలువురాళ్లు

నారాయణపేట జిల్లాలో కృష్ణానది ఒడ్డున ముడుమాల అను గ్రామము కలదు. అచ్చటి నేలలో మనిషికి రెండింతల ఎత్తుగల రాళ్లు నిలిచియున్నవి. జనులు వీటిని నిలువురాళ్లందురు. వాటి నడుమ చిన్న రాళ్లు వందలకొలదిగా, కొన్నియెడల వరుసలుగా కానవచ్చును. 2025 మార్చిలో ఈ స్థలము యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినది.

ఇవి ఎంత పాతవి? కర్బన పద్ధతి రాతిపై పనిచేయదు. బొగ్గు, ఎముక వంటి ఒకప్పుడు జీవమున్న పదార్థము కావలెను. అందుచేత పండితులు సమాధులలోని వస్తువులను వెదకుదురు. దక్షిణదేశపు ఇనుపయుగ సమాధులలో ఇనుప పనిముట్లతోపాటు, లోపల నల్లగాను వెలుపల ఎర్రగాను ఉండు కుండలు దొరకును. కుండను బోర్లించి కాల్చినచో లోపలికి గాలి చాలక నలుపెక్కును, వెలుపలి ఇనుము ఆమ్లజనితో కలిసి ఎర్రబడును.

హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆచార్యులు కె. పి. రావుగారు ఇచ్చటి కొన్ని రాళ్లు సూర్యుని ఉదయాస్తమయ దిక్కులను చూపుచున్నవని తెలిపిరి. దీనిని విద్యార్థులే పరీక్షింపవచ్చును. జూన్ 21న సూర్యుని క్రాంతి 23.4 డిగ్రీలు, దాని సైను 0.398. ముడుమాల అక్షాంశము 16 డిగ్రీలకు కొంచెము పైన. దాని కొసైను 0.959. మొదటిదానిని రెండవదానితో భాగించిన 0.415 వచ్చును. ఇది ఇరువదినాలుగున్నర డిగ్రీల సైను. అనగా ఆనాడు సూర్యుడు సరిగా తూర్పునగాక, అంతమేర ఉత్తరమున ఉదయించును. ఇంగ్లండులోని స్టోన్‌హెంజి వద్ద ఈ కోణము దాదాపు 39 డిగ్రీలు. మూడువేల ఏండ్ల క్రితము భూమి అక్షపు వాలు కొంచెము హెచ్చు. ఐనను ఇక్కడ తేడా అర డిగ్రీ లోపే. కావున నేటి సూర్యుడే నాటి రాళ్లకు సాక్షి.

అయితే వందల రాళ్లున్నచోట ఏవో రెండు యాదృచ్ఛికముగా సూర్యునివైపు చూపక తప్పదు. ఎన్ని జతలు చూపుచున్నవో, ఎన్ని చూపుటలేదో రెండును లెక్కింపవలెను.

ఒక రాతిమీద గుంటలలో సప్తర్షిమండలము చెక్కబడియున్నదని కూడ చెప్పుదురు. ఇట్టి గుంటలను చదువుట కష్టము. నేడు సప్తర్షులలోని రెండు నక్షత్రముల రేఖను పొడిగించినచో ధ్రువనక్షత్రము చేరుదుము. నాడు అది ధ్రువస్థానమున లేదు. భూమి అక్షము సుమారు 26,000 ఏండ్లకొకసారి బొంగరమువలె చుట్టివచ్చుటయే కారణము. ఐనను ఏడు చుక్కల ఆకారము నాడును ఇదే.

చూడబోవువారు దిక్సూచికన్న మధ్యాహ్నపు నీడతో ఉత్తరదిక్కు నిర్ణయించుట మేలు. రాళ్లను తాకి కదల్పరాదు. పది మీటర్ల ఎడమున్న రెండు రాళ్లలో ఒకటి జానెడు ప్రక్కకు జరిగినను కోణము ఒక డిగ్రీకి పైగా మారును. అది సూర్యబింబపు వెడల్పుకు రెండింతలు. నాగలికో, గోడకట్టుటకో పెకలించిన రాతిని తరువాత ఎంత జాగ్రత్తగా నిలబెట్టినను, ఆ కొలత తిరిగి రాదు.