సదరం నుంచి యూడీఐడీకి.. పాత సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఏం చేయాలి?

ఇంట్లో దివ్యాంగుల పెన్షన్ తీసుకునే మనిషి ఉంటే ఇప్పుడు ఒకటే దిగులు. ‘సదరం సర్టిఫికెట్ ఇక చెల్లదంట, కొత్త కార్డు లేకపోతే పైసలు ఆగిపోతాయంట’ అని. ఇందులో కొంత నిజం, కొంత పుకారు.

అసలు ఏం మారింది?

సదరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వ్యవస్థ. యూడీఐడీ దేశమంతా చెల్లే కార్డు. పని కోసం బెంగళూరో ముంబయో వెళ్లిన కుటుంబాలకు ఇది పెద్ద ఉపయోగం. కేంద్ర పథకాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి యూడీఐడీ నంబరు గానీ, దరఖాస్తు చేసిన నమోదు నంబరు గానీ అడుగుతున్నారు. తెలంగాణలో 2025 నుంచి కొత్త దరఖాస్తులు యూడీఐడీ పోర్టల్‌లోనే.

1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టం వాటిని 21 చేసింది. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫీలియా, ఆటిజం, పార్కిన్సన్స్ ఇప్పుడు లెక్కలోకి వస్తాయి. అప్పట్లో ‘మీది రాదు’ అని వెనక్కి పంపించినవాళ్లు మళ్లీ దరఖాస్తు చేసి చూడాలి.

కార్డు వేరు, పెన్షన్ వేరు

కార్డు కేంద్రానిది, పెన్షన్ రాష్ట్రానిది. తెలంగాణలో నెలకు రూ.4,016, ఆంధ్రప్రదేశ్‌లో రూ.6,000. ఏపీలో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు రూ.15,000. కార్డు చేతికొచ్చింది కదా అని పెన్షన్ దానంతటదే మొదలు కాదు, విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

కార్డు రంగు చూస్తే పర్సంటేజీ తెలుస్తుంది. 40 కన్నా తక్కువైతే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. ఎక్కువ సౌకర్యాలకు కనీసం 40 శాతం ఉండాలి.

ప్రమాదం ఎక్కడ?

ఒకటి, తాత్కాలిక సర్టిఫికెట్. దాని మీద గడువు తేదీ ఉంటుంది. అది దాటకముందే రెన్యువల్‌కు వెళ్లాలి. రెండు, మళ్లీ పరీక్ష. ఏపీలో 2025లో పెన్షన్‌దారులను తిరిగి పరీక్షించి, 40 కన్నా తక్కువ వచ్చినవాళ్లకు నోటీసులిచ్చారు. పాత ఆస్పత్రి చీటీలు, స్కానింగ్ రిపోర్టులు పారేయకండి. బోర్డు ముందు అవే మీకు ఆధారం.

మూడోది మన ఇళ్లలో ఎక్కువ. ఆధార్‌లో ‘మొహమ్మద్’, సదరంలో ‘ఎండీ’, పాస్‌బుక్‌లో ఇంకోలా. ‘షేక్’ ఒకచోట పూర్తిగా, ఒకచోట ‘ఎస్‌కే’. యూడీఐడీ దరఖాస్తు ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. అందుకే ముందు ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు సరి చేయించండి. పరీక్ష తేదీ మెసేజ్ ఆ ఫోన్‌కే వస్తుంది. ఇంట్లో అందరికీ ఒకే నంబరు ఇచ్చి, అది ఎవరి జేబులో ఉందో తెలియకపోతే తేదీ దాటిపోతుంది.

దరఖాస్తు ఎలా?

స్వావలంబన్ కార్డు పోర్టల్‌లో మీరే చేయొచ్చు, లేదంటే మీసేవకు వెళ్లండి. ఆధార్, ఫొటో కావాలి. సదరం సర్టిఫికెట్ ఉంటే దాన్నీ అప్‌లోడ్ చేయాలి. పిల్లల తరఫున తల్లిదండ్రులు చేయొచ్చు. రసీదు మీది నమోదు నంబరు రాసిపెట్టుకోండి.

పర్సంటేజీ తక్కువ వేశారనిపిస్తే ఊరుకోవద్దు. బోర్డు తీర్మానంపై అప్పీలు చేసుకునే హక్కు 2016 చట్టంలోని 59వ సెక్షన్ ఇచ్చింది. ‘పర్సంటేజీ పెంచిస్తా’ అని డబ్బు అడిగే దళారీకి రూపాయి కూడా ఇవ్వకండి. దొంగ సర్టిఫికెట్ దొరికితే పెన్షన్ పోవడంతో ఆగదు, కేసు కూడా అవుతుంది.