ఇచ్చట ఛాయాచిత్రములు తీయరాదు

విద్యార్థులు కొందఱు విహారయాత్రకై అజంతా గుహలకు పోయినారనుకొనుడు. ఎండలోనుండి మొదటి గుహలోనికి అడుగిడిన వారికి తొలుత ఏమియు కానరాదు. కన్నులు చీకటికి అలవాటుపడిన పిదప గోడమీది పద్మపాణి మెల్లమెల్లగా ప్రత్యక్షమగును. అరమోడ్పు కన్నులతో, చేత పద్మము ధరించి నిలిచిన యా మూర్తిని చూచి ఆనందము పట్టజాలక ఒక బాలుడు జేబులోని సెల్‌ఫోను పైకి తీయును. దాని మెఱపుదీపము వెలుగకమునుపే కావలివాడు దగ్గఱకు వచ్చి, "బాబూ, ఇక్కడ ఆ వెలుగు వేయగూడదు" అని వారించును.

బాలుని ముఖము చిన్నవోవును. "నేను గోడను తాకలేదు. రంగును గీకలేదు. దేనిని ఎత్తుకొనిపోవుట లేదు. ఉన్నదానిని ఉన్నట్లు పటము తీసికొనుటలో తప్పేమి?" అని అతడు లోలోపల నొచ్చుకొనును.

ఆ ప్రశ్న న్యాయమైనదే. కెమెరా చేత బట్టిన ప్రతివానికిని ఎప్పుడో యొకప్పుడు ఈ ప్రశ్న తోచకమానదు. దేవాలయమునందు, వస్తుప్రదర్శనశాలయందు, ఓడరేవునందు, సినిమాహాలునందు "ఇచ్చట ఛాయాచిత్రములు తీయరాదు" అను పలక కనబడుచుండును. పలక మీద ఆజ్ఞ యుండునే గాని కారణ ముండదు. కారణము తెలియని ఆజ్ఞ విసుగు పుట్టించును. కారణము తెలిసినచో దానిని పాటించుట సులభమగుటయే గాక, ఏ ఆజ్ఞ సబబైనదో, ఏది కాదో విచారించుకొను శక్తియు కలుగును.

1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన పారిసు నగరమున డాగెర్ అను నతడు కనిపెట్టిన ఛాయాచిత్రణ విధానము లోకమునకు వెల్లడింపబడినది. ఆనాటి కెమెరా పెద్ద పెట్టె. దానిని ముక్కాలి పీటపై నిలిపి, ఎదుట కూర్చున్నవారు కదలక మెదలక చాలసేపు ఉన్నగాని రూపము పడెడిది కాదు. కాబట్టి తనకు తెలియకుండ తన పటమును ఇతరులు తీయుదురేమో యన్న భయము ఆ దినములలో ఎవ్వరికిని లేకుండెను.

1888లో అమెరికా దేశస్థుడు జార్జి ఈస్ట్‌మన్ కోడక్ అను చిన్న కెమెరాను విపణికి తెచ్చెను. అందు నూఱు పటములకు సరిపడు ఫిల్ము చుట్ట యుండెడిది. మీట నొక్కుట తప్ప తీయువానికి వేఱు విద్య అక్కఱలేదు. దానితో నిపుణుల చేతిలోని కళ సామాన్యుల చేతికి వచ్చెను. వీధిలో నడచువారు, తోటలో కూర్చుండువారు తమకు తెలియకుండగనే పటములలో చిక్కుకొనసాగిరి. మూడేండ్లు గడువకమునుపే, 1890లో, వారెన్, బ్రాండైస్ అను ఇరువురు న్యాయవాదులు హార్వర్డు న్యాయపత్రికలో ఒక వ్యాసము ప్రకటించి, తన జోలికి ఎవ్వరును రాకుండ ఉండనిచ్చు హక్కు ప్రతి మనుష్యునికిని కలదని వాదించిరి. వారి నంతగా కలవరపెట్టిన వానిలో తత్‌క్షణ ఛాయాచిత్రణము ఒకటి.

వారి భయము వట్టిది కాదని కొలది కాలమునకే తేలెను. న్యూయార్కు రాష్ట్రమున ఒక పిండిమర వారు ఒక యువతి పటమును ఆమె అనుమతి లేకయే తమ గోధుమపిండి ప్రకటనలపై ముద్రించి ఇరువదియైదు వేల ప్రతులు ఊరూర అంటించిరి. ఆమె సిగ్గుతో కుంగి, మంచము పట్టి, న్యాయస్థానము నాశ్రయించెను. 1902లో అక్కడి ఉన్నత న్యాయస్థానము, ఇట్టి హక్కు చట్టములో ఎచ్చటను లేదని ఆమె వాదమును త్రోసివేసెను. ప్రజలు ఆ తీర్పును సహింపలేదు. మఱుసటి యేడే, అనగా 1903లో, ఒకరి రూపమును వారి వ్రాతపూర్వకమైన అనుమతి లేక వ్యాపారమునకు వాడరాదని ఆ రాష్ట్రము చట్టము చేసెను.

ఈ మర్యాదను చట్టములతో నిమిత్తము లేకయే పాటించిన యుదాహరణము మన హైదరాబాదు నగరమున కలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థానమున రాజా దీనదయాళ్ అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకు డుండెను. ఘోషా పాటించు స్త్రీలు పరపురుషుని కెమెరా ముందునకు రాజాలరు. అయినను తమ రూపములు పటములలో చూచుకొనవలెనన్న కోరిక వారికి మాత్రము ఉండదా? దీనదయాళ్ 1892లో వారికొఱకు ప్రత్యేకముగా ఒక చిత్రశాలను నెలకొల్పెను. చుట్టును ఎత్తైన గోడలు. లోపల పటములు తీయునది ఒక ఆంగ్ల మహిళ. ఆమెకు సహాయులు స్త్రీలే. తీయువాని సౌకర్యముకంటె తీయించుకొనువారి ఇష్టమే ముఖ్యమని ఆ గోడలు చెప్పకయే చెప్పినవి.

ఇక నిషేధములకు గల కారణములను ఒక్కొక్కటిగా పరిశీలింపవలెను.

మొదటిది దేశరక్షణము. 1923 నాటి అధికార రహస్యముల చట్టము ప్రకారము సైనిక స్థావరములు, ఆయుధశాలలు మున్నగునవి నిషిద్ధ స్థలములు. శత్రువునకు ఉపయోగపడునట్లు వాని చిత్రపటములు వ్రాయుట నేరము. చిత్రపటమన్న మాటలో ఛాయాచిత్రము కూడ చేరునని ఆ చట్టమే చెప్పుచున్నది. ఇంతటి జాగ్రత్త ఎందుకని అడుగువారు విశాఖపట్టణపు వృత్తాంతమును స్మరింపవలెను. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంతును ముంచు నుద్దేశముతో విశాఖ తీరమునకు వచ్చెను. కాని విక్రాంతు అచ్చట లేదు. దాని జాడ పరులకు పొక్కనీయక, దానిని అండమాను దీవులవైపు పంపియుండిరి. ఘాజీయే విశాఖ చేరువ సముద్రగర్భమున కలసిపోయెను. ఒక నౌక ఎచ్చట నున్నదన్న చిన్న సమాచారము వేయిమంది ప్రాణములకు సమానమగునని ఈ వృత్తాంతము తెలుపుచున్నది. రేవులో నిలిచిన యుద్ధనౌకను వేడుకకు పటము తీసినవాడు ద్రోహి కాకపోవచ్చును. కాని ఆ పటము ఎవరి చేత పడునో అతడెఱుగడు.

రెండవది ప్రాచీన సంపద రక్షణము. అజంతా చిత్రకారులు ఱాతిగోడపై మట్టిపూత వేసి, దానిపై సున్నపు పూత పూసి, ఆ పొడినేలపై రంగులు దిద్దిరి. క్రీస్తుపూర్వము నాటి చిత్రములును, క్రీస్తుశకము అయిదవ శతాబ్దము నాటి చిత్రములును అందు కలవు. వెలుతురు, తేమ, జనుల ఊపిరి, గబ్బిలములు, పురుగులు — ఇవి యన్నియు వానికి శత్రువులే. వెలుతురు చేయు హాని ఒక్కనాట కనబడదు. అది కొంచెము కొంచెముగా కూడుకొనుచు పోవును. ఒకసారి వెలసిన రంగు మరల రాదు. మెఱపుదీపము వెలుగునది క్షణకాలమే కదా, ఆ ఒక్క వెలుగు చేయు హాని ఎంతయని కొందఱందురు. ఒక్కని విషయమున అది నిజమే కావచ్చును. కాని గుహలోనికి వచ్చువాడు ఒక్కడు కాడు. ప్రతివాడును "నా యొక్కని వలన ఏమగును?" అనుకొన్నచో లెక్క ఎచ్చట నిలుచును? అంతేగాక, చీకటికి అలవాటుపడిన తోడివారి కన్నులకు ఆ వెలుగు ముల్లువలె గుచ్చుకొనును. పటము కుదురుటకై దారికడ్డముగా నిలుచుటవలన ఇఱుకు గుహలో త్రొక్కిసలాటయు కలుగును.

ఇచ్చట మఱియొక విశేషము గమనింపదగినది. అజంతాకు హాని చేసినవారిలో కళాభిమానులును ఉన్నారు. పందొమ్మిదవ శతాబ్దమున ప్రతులు వ్రాయవచ్చిన చిత్రకారులు రంగులు స్ఫుటముగా కనబడుటకై అసలు చిత్రములపై వార్నిషు పూసిరి. కాలము గడచినకొలది ఆ పూత పసుపువాఱి, చిత్రములనే మఱుగుపఱచెను. పిదప, 1920 ప్రాంతమున, నిజాము ప్రభుత్వము ఇటలీనుండి నిపుణులను రప్పించి బాగుచేయింపవలసివచ్చెను. ప్రేమయే యైనను, వివేకము తోడుగా లేనిచో అపకారము చేయగలదు. వివేకముతో తీసిన పటములు చేసిన మేలునకును అజంతాయే సాక్షి. హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖకు అధిపతియైన గులాం యజ్దానీ ఛాయాచిత్రముల సాయముతో 1930 మొదలు 1955 వఱకు నాలుగు సంపుటములుగా అజంతా గ్రంథమును వెలువరించి, గుహల ముఖము చూడనివారికి సైతము ఆ శోభను అందజేసెను.

మూడవది పవిత్రత. తిరుమల శ్రీవారి ఆలయములోనికి కెమెరాలను గాని ఫోనులను గాని తీసికొనిపోరాదు. దర్శనమునకు వచ్చిన భక్తునికి లభించునది కొన్ని క్షణములే. ఆ క్షణములందు ముందున్నవాడు చేయి పైకెత్తి పటము తీయుచున్నచో వెనుకనున్న వృద్ధురాలికి స్వామి కనబడడు. ఒకరి వేడుక మఱియొకరి జీవితకాలపు కోరికకు అడ్డు తగులరాదు.

నాల్గవది కళాకారుని కష్టార్జితము. సంగీతసభలో పాడు విద్వాంసుని గానమును అతని అంగీకారము లేక చిత్రములుగ గాని ధ్వనిగ గాని నమోదు చేయరాదు. ఈ హక్కు 1957 నాటి గ్రంథస్వామ్య చట్టమునకు 1994లో చేసిన సవరణ వలన కళాకారులకు లభించినది. సినిమాహాలులో తెరమీది బొమ్మను నమోదు చేయుట మఱింత తీవ్రమైన నేరము. 2023లో సవరింపబడిన చట్టము ప్రకారము దీనికి మూడు నెలలకు తక్కువ కాకుండ మూడు సంవత్సరముల వఱకు కారాగారవాసమును, మూడు లక్షల రూపాయలకు తక్కువ కాని జరిమానాయు విధింపవచ్చును. స్నేహితులకు చూపుటకై తీసిన చిన్న తునుక వందలమంది కూలిని హరింపవచ్చునని సరదాపడు కుఱ్ఱవారు గ్రహింపరు.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది, మనుష్యుని గౌరవము. అండమాను దీవులలోని జారవా జాతివారు అడవిలో తమ పద్ధతిని తాము బ్రదుకుచున్నవారు. వారి యడవిగుండ పోవు బాటపై ప్రయాణించు యాత్రికులు కొందఱు వారికి తినుబండారములు ఎరజూపి, ఆడించి, ఆ దృశ్యమును కెమెరాలకు ఎక్కించిరి. అట్టి దృశ్యములు 2012లో లోకమునకు వెల్లడియై దేశమంతట ఏవగింపు కలిగించెను. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనలను ఆ సంవత్సరముననే సవరించి, శిక్షలను కఠినతరము చేసిరి. జారవాలు బొమ్మలు కారు, మనుష్యులు. "వద్దు" అని మన భాషలో చెప్పజాలనివాని మౌనమును అంగీకారముగా నెంచుట అన్యాయము. ఈ న్యాయము అడవికే పరిమితము కాదు. ప్రమాదమున గాయపడి మూల్గువాని చుట్టు మూగి పటములు తీయువారు, నీళ్లరేవులో నున్న స్త్రీలవైపు కెమెరా త్రిప్పువారు, ఏడ్చుచున్న పిల్లవానిని చూచి నవ్వుచు తీయువారు అదే తప్పు చేయుచున్నారు. గోప్యత ప్రతి పౌరునికిని ప్రాథమిక హక్కని భారత సర్వోన్నత న్యాయస్థానము 2017 ఆగస్టు 24వ తేదీన ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది.

అయితే నిషేధములన్నియు సబబైనవే యని చెప్పుటకు వీలులేదు. పూర్వము మన ప్రాచీన కట్టడములు చాలవానియందు పటములు తీయుట నిషిద్ధమై యుండెను. 2018 జూలైలో భారత పురావస్తు శాఖ అజంతా కుడ్యచిత్రములు, లేహ్ రాజప్రాసాదము, తాజమహలు లోపలి సమాధిభాగము తప్ప తన రక్షణలోనున్న తక్కిన కట్టడములన్నిటియందును ఛాయాచిత్రములు తీయుటకు అనుమతించెను. ఆకాశమునుండి ఉపగ్రహములు భూమినంతటిని పటములు తీయుచున్న ఈ కాలమున ఆరుబయటి గోపురమునకు అట్టి నిషేధ మక్కఱలేదని పెద్దలు గ్రహించిరి. బహిరంగ స్థలములందు శాశ్వతముగా నెలకొన్న శిల్పములను ఎవ్వరైనను పటము తీసికొనవచ్చునని గ్రంథస్వామ్య చట్టమును చెప్పుచున్నది. వీధి, చెఱువుగట్టు, తీర్థము, సంత అందఱివి. అచ్చటి జీవితమును పటములలో నిలుపుట తప్పు కాదు. అది చరిత్రకు చేయు సేవ. దీనదయాళ్ వంటివారు ఆనాటి వీధులను, భవనములను పటములు తీయకున్నచో నేటివారికి ఆ కాలపు రూపమెట్లు తెలియును? నిర్హేతుకమైన నిషేధము వలన భావితరములకు కలుగు నష్టము తక్కువది కాదు.

కాబట్టి కెమెరా పట్టిన విద్యార్థి కొన్ని మర్యాదలు తెలిసికొనవలెను. పలక యున్నచోట దానిని చదివి పాటింపవలెను. పలక లేనిచోట సందేహము కలిగిన అడుగవలెను. మనుష్యులను తీయునప్పుడు వారి కన్నులలోనికి చూచి, చిఱునవ్వుతో అనుమతి వేడవలెను; వలదన్నచో మాఱుపలుకక తప్పుకొనవలెను. పసిపిల్లలను తీయదలచిన తల్లిదండ్రుల నడుగవలెను. కావలివాడు వారించిన అతనితో తగవు పెట్టుకొనరాదు. అతడు నియమము చేసినవాడు కాడు, నిలుపువాడు. నియమము సరికాదని తోచినచో పై యధికారులకు వ్రాసి కారణము అడుగుటకు పౌరునికి హక్కు కలదు. నియమములు అట్లడుగువారి వలననే మాఱినవి.

అజంతాలోని బాలునికి కావలివాడు ఈ కథయంతయు చెప్పియుండడు. అతనికి అంత తీరికయు లేదు. అయినను "ఈ రంగు పదునైదు వందల యేండ్లుగా నిలిచినది, బాబూ. నీ మనుమలును చూడవలెను గదా" అని అతడొక మాట అన్నచో చాలును. బాలుడు ఫోనును జేబులో దాచుకొనును. చేతులు ఖాళీయైనవి గనుక కన్నులకు పని కలుగును. అంతవఱకు తాను గమనింపని పద్మపాణి కిరీటపు చెక్కడము, కనుబొమల వంపు, ప్రక్కనున్నవారి ముఖములలోని విచారము ఒక్కటొక్కటిగా అతనికి కనబడసాగును.