రాజు దివిసీమకు పోకపోతే?

గణపురం కోటగుళ్ల రాతి ప్రాకారం నీడలో పిల్లల్ని కూర్చోబెట్టుకొని కాకతీయ గణపతిదేవుని పాఠం చెప్తున్నాను. దివి మీద దండయాత్ర దగ్గరికి రాగానే తొమ్మిదో తరగతి పిల్ల ఒకామె లేచింది. "సార్, రాజు ఆ దీవికి పోకపోతే ఎట్లుంటుండె?" అని అడిగింది. ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పిన నన్ను అంత మంచి ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. భూపాలపల్లి బొగ్గుబాయి షిఫ్టులాగా ఆ రోజు బడి గంట కొట్టేసింది కానీ, ప్రశ్న మాత్రం నాతోనే ఇంటికొచ్చింది.

ముందు జరిగింది చెప్తాను. 12వ శతాబ్దం చివర్లో పల్నాట దాయాదులు కొట్టుకున్నారు. నలగామరాజు పక్షాన నాగమ్మ, మలిదేవాదుల పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెం కథ అందరికీ తెలిసిందే. కారెంపూడిలో ఒక వంశం తనను తాను నరుక్కున్నది. ఆ పోరులో తీరాంధ్ర బలం చాలా వరకు కరిగిపోయిందని చరిత్రకారులు అంటారు. తీరాన్ని ఏలే వెలనాటి చోడుల పట్టు సడలింది.

మరి కాకతీయుల ఓరుగల్లు బాగుందా? అదీ లేదు. దేవగిరి యాదవులతో పోరులో రుద్రదేవుడు పోయాడు, ఆయన తమ్ముడు మహాదేవుడు పోయాడు, మహాదేవుని కొడుకు గణపతి శత్రువు చేతికి చిక్కాడు. రాజు లేని రాజ్యాన్ని రేచర్ల రుద్రుడనే సేనాని పడిపోకుండా పట్టుకున్నాడు. పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించింది ఆయనే. చెర నుంచి బయటపడి 1199లో గద్దెనెక్కిన గణపతి, రెండేళ్లకే బెజవాడ తీసుకొని, అక్కడి నుంచి దివి మీదికి నడిచాడు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ, సముద్రం అంచున ఉన్న నేల దివి. అయ్య వంశపు పినచోడి దాని ప్రభువు. దీవి ఓడింది. ఆ తర్వాత జరిగిందే నాకు ముఖ్యం. గణపతి దీవిని ఆ వంశానికే తిరిగి ఇచ్చాడు. పినచోడి కూతుళ్లు నారాంబను, పేరాంబను పెళ్లాడాడు. వాళ్ల తమ్ముడు జాయపను వెంట తెచ్చుకొని ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. ఈ సంగతులు మనకు చెప్పేది 1213 నాటి చేబ్రోలు శాసనం. వేయించింది ఆ జాయపే. ఓడిన ఇంటి కొడుకు గెలిచిన రాజును పొగుడుతూ చెక్కించిన రాయి కాబట్టి, దాన్ని ఆ ఎరుకతోనే చదవాలి. దోపిడీలో ఇల్లు పోయినవాళ్ల మాట అందులో ఉండదు.

చుట్టరికంతో రాజ్యం కట్టడం కాకతీయుల పద్ధతి. మా అత్తగారి ఊరు బయ్యారం పక్కన. మహబూబాబాద్ జిల్లాలోని ఆ పెద్ద చెరువు కట్ట మీద నిలబడితే నాకు ఇదే గుర్తొస్తుంది. ఆ చెరువు తవ్వించింది గణపతి చెల్లెలు మైలాంబ. ఆమెను ఇచ్చింది నతవాడి వారింటికి. కాకతీయ వంశక్రమం వెన్నరాజు నుంచి మనకు దొరుకుతున్నది ఆ ఇంటి కోడలు వేయించిన బయ్యారం శాసనంలోనే.

ఇప్పుడు ఆ పిల్ల ప్రశ్న. రాజు బెజవాడ నుంచే వెనక్కి మళ్లాడనుకుందాం. సముద్రం మీద పట్టు అంత తొందరగా చిక్కేది కాదు. ఓడ మునిగితే సరుకు రాజుది కాదు, వ్యాపారిదే అని భరోసా ఇస్తూ 1244లో వేసిన మోటుపల్లి రేవు అభయశాసనం ఆలస్యమయ్యేదేమో. అయినా తీరం ఎప్పటికో ఒకప్పటికి వశమయ్యేదే. ఆ లోటు ఎట్లనో పూడేది.

పూడనిది జాయప. 1253 ప్రాంతంలో ఆయన సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాలు, నాలుగు మార్గ నృత్యానికి, నాలుగు దేశి నృత్యానికి. జనం ఆడే ఆటలకు శాస్త్రంలో సగం చోటు ఇవ్వడం చిన్న విషయం కాదు. నేను పుట్టిన జనగామ జిల్లాలోనే పాలకుర్తి ఉంది. అక్కడి కవి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పేరిణి నృత్యాన్ని తలచాడు. జాయప దాని లక్షణం రాసిపెట్టాడు. ఏడు వందల ఏళ్ల తర్వాత నటరాజ రామకృష్ణ ఆ పుస్తకాన్ని చేతబట్టుకొని, రామప్ప శిల్పాల ముందు నిలబడి, పేరిణిని మళ్లీ ఆడించారు.

ఒకటి గమనించాలి. రామప్ప బొమ్మలు పుస్తకం కన్నా నలభై ఏళ్లు పెద్దవి. జాయప లేకున్నా ఆ మదనికలు ఉండేవి. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండేది. అది ఏ అడుగుకు మొదలో, ఏ అడుగుకు చివరో చెప్పే మనిషి ఉండేవాడు కాదు. అమ్మా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఆ రోజే చెప్పి ఉండాల్సింది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో అవనిగడ్డ పోయాను. పులిగడ్డ వారధి దగ్గర టీ తాగుతూ, "ఈ నేల పిల్లగాడు మా ఓరుగల్లులో ఏనుగుల సేనాపతి అయ్యాడు, నాట్యశాస్త్రం రాశాడు" అన్నాను. టీకొట్టాయన గ్లాసు కడగడం ఆపాడు.

"మావాడాండీ?"

"మీవాడే."

"ఏ ఊరండీ, ఎవరి తాలూకు?"

చేబ్రోలు శాసనం సంగతి మొత్తం చెప్పాను. రేపల్లె బస్సు ఒకటి వెళ్లిపోయింది, ఇంకోటి వచ్చేదాకా చెప్తూనే ఉన్నాను.