అండమాన్ తెలుగు గృహాలలో శరత్తు: కఠిన మాసపు పండుగలు, భోజనాలు

భారతీయ ఋతుగణనలో ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరదృతువు. వానలు వెనుదీసి, ఆకాశం తేటపడి, నదీజలాలు నిర్మలమై, వెన్నెల తెల్లబడే కాలంగా మన కావ్యాలు దానిని వర్ణించాయి. అండమాన్ నికోబార్ దీవులకు ఈ వర్ణన వర్తించదు. అక్కడ నైరుతి ఋతుపవనం మే నెలలోనే ప్రవేశించి సెప్టెంబరు వరకు కురుస్తుంది. అది సన్నగిల్లే వేళకు ఈశాన్య ఋతుపవన కాలం మొదలవుతుంది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడే ఆ దీవులలో అక్టోబరు, నవంబరు నెలలు కూడా తడి నెలలే. అయినా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దసరా, దీపావళి, కార్తిక మాసం ఉన్నాయి. ఆకాశం చూపని ఋతువును గృహం ఏ సాధనాలతో నిలుపుకొంటుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. బౌద్ధ అధ్యయనానికి ఈ ప్రశ్న పరాయిది కాదు. వర్షావాసం, పవారణ, కఠిన చీవర దానం అనే మూడూ ఇదే కాలానికి ముడిపడి ఉన్నాయి.

వాన ఆగని పవారణ

ఆషాఢ పౌర్ణమి మరునాడు ఆరంభమైన వర్షావాసం ఆశ్వయుజ పౌర్ణమినాడు పవారణతో ముగుస్తుంది. తనలో చూచిన, విన్న, శంకించిన దోషాలను తెలుపవలసిందిగా ప్రతి భిక్షువు సంఘాన్ని కోరే దినమది. ఆ మరునాటి నుండి కార్తిక పౌర్ణమి వరకు గల నెల కఠిన చీవర దానానికి విహితమైన కాలం. ఈ విధి పుట్టుకను వినయ పిటకంలోని మహావగ్గ వివరిస్తుంది. పావా ప్రాంతపు ముప్పది మంది భిక్షువులు బుద్ధదర్శనం కోరి శ్రావస్తికి బయలుదేరారు. వర్షావాస సమయానికి గమ్యం చేరలేక సాకేతంలో ఆగిపోయారు. మూడు నెలలు గడిపి, పవారణ ముగించుకొని తిరిగి నడక సాగించారు. అప్పటికీ వాన వెలియలేదు. నేలంతా బురదై, చీవరాలు తడిసి, అలసి వారు శ్రావస్తి చేరారు. ఆ సందర్భంలోనే కఠినానికి అనుమతి లభించింది.

ఈ కథనంలో గమనించదగిన అంశం ఒకటున్నది. గడువు ప్రకారం వర్షాకాలం ముగిసింది, వాన మాత్రం ముగియలేదు. అంటే శరత్తు ఆరంభాన్ని నిర్ణయించినది మేఘం కాదు. సంఘం పాటించిన తిథి, ఆ తిథికి ముడిపడిన పరస్పర బాధ్యత. అండమాన్ గృహాల శరత్తును అర్థం చేసుకోవడానికి ఇది తగిన దారి.

దీవులలోని తెలుగువారు

2011 జనగణన ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంతపు జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళ భాషల తరువాత తెలుగుది నాలుగవ స్థానం. వీరిలో అధికులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చిన కుటుంబాలకు చెందినవారు. చేపల వేట, కూలి, చిరువ్యాపారం, ప్రభుత్వోద్యోగం వీరి వృత్తులు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న పోర్ట్ బ్లెయిర్‌కు, విశాఖ రేవుకు మధ్య ఓడ ప్రయాణం సుమారు రెండున్నర రోజులు.

ఈ కుటుంబాల పుట్టినతీరం బౌద్ధ పరిశోధకులకు సుపరిచితమైనదే. శాలిహుండం, రామతీర్థం, శంకరం, బావికొండ, తొట్లకొండ ఆ తీరం వెంబడి ఉన్నాయి. తొట్లకొండ తవ్వకాలలో స్తూపంతో, విహారపు గదులతో పాటు భోజనశాల కూడా బయటపడింది. కొండపై రాతిలో తొలిచిన నీటి తొట్లే ఆ స్థలానికి పేరిచ్చాయి. సముద్రాన్ని చూస్తూ వర్షావాసం గడిపిన భిక్షువులకు చుట్టుపక్కల గృహస్థులే అన్నదాతలు. నేటి దీవుల గృహాలకు ఆ విహారాల నుండి నేరుగా వారసత్వం వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. అయితే ఒకే తీరం, ఒకే వానలు, ఒకే మాసగణన అనే ఉమ్మడి నేపథ్యాన్ని విస్మరించలేము.

కఠిన మాసంలోని గృహ పర్వాలు

ఆశ్వయుజ పౌర్ణమి నుండి కార్తిక పౌర్ణమి వరకు గల నెలను తెలుగు పంచాంగంతో సరిపోల్చితే ఒక విశేషం కనిపిస్తుంది. అట్లతద్ది, నరక చతుర్దశి, దీపావళి, భగినీ హస్త భోజనం, నాగుల చవితి, క్షీరాబ్ధి ద్వాదశి అన్నీ ఈ నెలలోనే వస్తాయి. ప్రతి పర్వానికీ ఒక వంటకమో భోజన నియమమో ఉన్నది. ఆ భోజనం ఎవరు ఎవరికి పెట్టాలో కూడా నిర్ణయమై ఉన్నది.

ఆశ్వయుజ బహుళ తదియనాడు వచ్చే అట్లతద్దికి కోస్తా జిల్లాలలో ఆడపిల్లలు తెల్లవారుజామునే లేచి, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, పెరుగుతో చద్దికూడు తిని ఉయ్యాలలూగుతారు. పగలంతా ఉపవాసముండి, చంద్రోదయమయ్యాక ముత్తయిదువలకు అట్లు వాయనమిచ్చి తాము భుజిస్తారు. ఉత్తరాంధ్రలో దీపావళి సాయంత్రం పిల్లలు గోగు కాడలకు నూనెగుడ్డలు చుట్టి వెలిగించి, వాటిని నేలకు తాటించి, కాళ్లు కడుగుకొని ఇంట్లోకి వచ్చి తీపి తింటారు. కార్తిక శుద్ధ విదియనాడు సోదరుడు సోదరి ఇంటికి వెళ్లి ఆమె వడ్డించిన అన్నం తినడం భగినీ హస్త భోజనం. చవితినాడు పుట్టలో పాలు పోసి, తడిపిన బియ్యపు పిండితో చేసిన చలిమిడిని, నువ్వులు బెల్లం దంచిన చిమ్మిలిని నివేదిస్తారు. కార్తికమంతా మాంసాహారం మానే కుటుంబాలు కూడా ఉన్నాయి. చేపల వేటపై బ్రతికే ఇంట ఈ నియమానికి ఉండే బరువు వేరు. పట్టిన చేప అంగడికి పోతుంది, ఇంట్లో పొయ్యి మీద పప్పు ఉడుకుతుంది.

సముద్రం అడ్డుపడినప్పుడు వీటిలో మొదట దెబ్బతినేది భగినీ హస్త భోజనమే. పిండివంట ఎక్కడైనా చేసుకోవచ్చును. సోదరుడు విశాఖలో, సోదరి దీవులలో ఉంటే ఆ భోజనానికి ప్రత్యామ్నాయం లేదు. వరుసకు అన్న అయ్యే పొరుగింటివాడిని పిలవడం, పండుగను ప్రయాణానికి వీలైన రోజుకు మార్చుకోవడం, మానివేయడం అనే మూడు మార్గాలే మిగులుతాయి. ఏ కుటుంబం ఏ మార్గాన్ని ఎన్నుకున్నదో తెలిస్తే, వలస వెళ్లిన సమాజంలో బంధుత్వం ఎలా మారిందో తెలుస్తుంది.

వంటసరుకులు, పొరుగు రుచులు

దీవులలో కొబ్బరి సమృద్ధి. ఉత్తర అండమాన్‌లోని దిగ్లిపూర్ వంటి చోట్ల వరి పండినా అది అవసరాలకు చాలదు. బియ్యం, పప్పులు, బెల్లం, నూనె అధికంగా ఓడల మీద రావలసినవే. కనుక చలిమిడిలోని బియ్యం, బెల్లం సముద్రం దాటి వస్తాయి, కొబ్బరి పెరట్లోనే దొరుకుతుంది. తుపాను కాలంలో ఓడ ఆలస్యమైతే పండుగ వంట కూడా చిక్కుతుంది.

గోంగూర విషయం మరింత ఆసక్తికరం. తెలుగువారు తమదిగా భావించే ఈ పులుపాకు జాతికి బర్మాలో చిన్‌బౌంగ్ అని పేరు. అక్కడ అది నిత్యభోజనంలో భాగం. అండమాన్ సంతలలో దొరికే వెడల్పాటి ముళ్లంచు ఆకు ఒకదానిని ప్రజలు బర్మా ధనియా అంటారు. కొత్తిమీర వాసన గల ఆ ఆకు కూరలలో వాడుకలో ఉన్నది. బంగాళాఖాతపు రెండు తీరాల వంటిళ్లు ఈ దీవులలో కలుసుకున్నాయనడానికి ఇవి చాలు.

ఆ కలయికకు చారిత్రక కారణాలున్నాయి. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షితుల వలస ఏర్పడిన తరువాత బర్మా నుండి కూడా ఖైదీలను తెచ్చారు. పట్టణంలో ఫోంగీ చాంగ్ అనే పేట నేటికీ ఉన్నది. బర్మా భాషలో ఆ మాటకు భిక్షువుల విహారమని అర్థం. 1925లో మాయాబందర్ సమీపాన కరెన్ కుటుంబాలు వేబి గ్రామంలో స్థిరపడ్డాయి. వారు ప్రధానంగా క్రైస్తవులు. కాబట్టి బర్మా నుండి వచ్చినదంతా బౌద్ధమని భావించరాదు. ఆకుకూర, ఊరిపేరు, మతం వేర్వేరు దారులలో ప్రయాణిస్తాయి.

ఆశ్వయుజ పౌర్ణమికి బర్మాలో తదింజుత్ దీపోత్సవం. బుద్ధుడు తావతింస లోకంలో తల్లికి అభిధమ్మం బోధించి, వర్షావాసాంతంలో భూమికి దిగివచ్చిన సందర్భానికి అది స్మారకం. ఆనాడు పిల్లలు తల్లిదండ్రులకు, పెద్దలకు పండ్లు, కానుకలు సమర్పించి నమస్కరిస్తారు. మాతృఋణం తీర్చుకున్న కథ కుటుంబ ఆచారంగా రూపొందడం ఇక్కడ స్పష్టం. ముత్తయిదువకు అట్ల వాయనం, సోదరునికి అన్నం, తల్లిదండ్రులకు పండ్లు: విశ్వాసాలు వేరైనా శరత్పర్వాలలో ఇచ్చిపుచ్చుకోవడమే ప్రధానం.

ఉదయాస్తమయాలలో భేదం

దీవులు విశాఖకు తూర్పున 9 డిగ్రీలకు పైగా దూరంలో ఉన్నా గడియారం మాత్రం ఒకటే. అందువల్ల పోర్ట్ బ్లెయిర్‌లో శరత్కాలపు సూర్యోదయం విశాఖ కంటే సుమారు 40 నిమిషాలు ముందుగా అవుతుంది. దీపావళి నాటికి సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. తిథిని సూర్యోదయంతో నిర్ణయించే చోట ఇది చిన్న విషయం కాదు. ఒక తిథి విశాఖ సూర్యోదయానికి కొద్ది నిమిషాల ముందు ఆరంభమైతే, అప్పటికే తెల్లవారిన దీవులలో సూర్యోదయ సమయానికి క్రిందటి తిథే ఉండి ఉంటుంది. ఆంధ్రదేశంలో అచ్చైన పంచాంగాన్ని గోడకు తగిలించుకున్న కుటుంబం అటువంటి ఏట తమ ఆకాశాన్ని అనుసరించాలా, విశాఖలోని బంధువులను అనుసరించాలా అనే ప్రశ్న వస్తుంది. ఉపోసథ దినాల విషయంలో వివిధ దేశాల సంఘాలు ఎదుర్కొన్న సమస్య కూడా ఈ కోవలోనిదే.

2014 నాటి నిదర్శనం

2014 అక్టోబరు 8 ఆశ్వయుజ పౌర్ణమి. ఆ రోజే హుద్‌హుద్ తుపాను అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ సమీపంలో దీవులను దాటింది. అదే తుపాను బలపడి 12వ తేదీన విశాఖపట్నం వద్ద తీరాన్ని తాకి నగరాన్ని అతలాకుతలం చేసింది. పవారణనాడు దీవుల మీదుగా సాగిన గాలి, అట్లతద్ది దాటిన వెంటనే పుట్టినూరిని చేరిందన్నమాట. దీవులలోని తెలుగు కుటుంబాలకు ముందు తమ ఇంటి కప్పు గురించి భయం, నాలుగు రోజులకు తల్లిదండ్రుల ఇంటి కప్పు గురించి భయం. దీపావళి ఆ ఏడాది 23న వచ్చింది. తుపానుకు, దీపానికి మధ్య పదకొండు రోజులే. శరత్తును తేట ఆకాశంగా మాత్రమే నిర్వచిస్తే ఆ ఏడాది ఇరుతీరాలకూ శరత్తు రాలేదనాలి. పొయ్యి వెలిగించి, ఉన్నదానిని పంచుకొని తినడంగా నిర్వచిస్తే వచ్చిందనే చెప్పాలి.

నమోదు చేయవలసినవి

అండమాన్ వారసత్వమనగానే సెల్యులార్ జైలు, ఆదిమ తెగలు గుర్తుకు రావడం సహజం. వలస కుటుంబాల వంటిల్లు ఆ జాబితాలో అరుదు. దీవులలో ఉమ్మడి వ్యవహార భాష హిందీ. పాఠశాలలో, అంగడిలో పిల్లలు మాట్లాడేది అదే. వాయనం, చిమ్మిలి, చద్ది అనే మాటలు వంటకాలతో పాటే బ్రతుకుతాయి. వంటకం మానితే మాట మరుగున పడుతుంది. తొలి తరం వలసదారులు వృద్ధులైనారు. వారి జ్ఞాపకాలను సేకరించడానికి మిగిలిన వ్యవధి స్వల్పం.

పరిశోధకులు ఈ ఐదు ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చును. పండుగ తేదీని ఇంట్లో ఎవరు, ఏ పంచాంగం చూచి నిర్ణయిస్తారు? వంటకంలో ఏ సరుకు స్థానంలో ఏది వచ్చింది? నేర్పినవారెవరు, నేర్చుకుంటున్నవారెవరు? దూరాన ఉన్న బంధువు వాటా ఎవరికి అందుతున్నది? పొరుగు భాషల కుటుంబాలకు ఏమి పంపుతారు, వారి నుండి ఏమి వస్తుంది? సమాధానాలను మాండలిక పదాలతో సహా, చెప్పినవారి అనుమతితో నమోదు చేయాలి.

గృహస్థుల భోజన సుఖం భిక్షువులకు అధ్యయనయోగ్యమా అనే సందేహం రావచ్చును. అంగుత్తర నికాయంలో బుద్ధుడు అనాథపిండికునికి గృహస్థుని నాలుగు సుఖాలను చెప్పాడు: అత్థిసుఖం, భోగసుఖం, అనణసుఖం, అనవజ్జసుఖం. ధర్మంగా ఆర్జించినది కలిగి ఉండడం, దానిని అనుభవించి పుణ్యకార్యాలకు వెచ్చించడం, ఋణం లేకపోవడం, నిర్దోషంగా జీవించడం. వీటిలో నాల్గవదే శ్రేష్ఠమన్నాడు గాని మొదటి మూడింటిని త్రోసిపుచ్చలేదు. కఠిన చీవరం కూడా గృహస్థుని ఇంటి నుండే సంఘానికి వస్తుంది. ఆ ఇంట ఈ నెలలో ఏమి వండుతారో, ఎవరికి ముందు వడ్డిస్తారో తెలిసిన భిక్షువుకు దాత మనస్సు మరింత బాగా తెలుస్తుంది.